బరువు రాశాం, మెడ నిలిచిందా అని రాయలేదు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ, వైద్య ఆరోగ్య, పాఠశాల విద్యా శాఖల ఉన్నతాధికారులకు,

నమస్కారం.

నేను అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఉమ్మడి రాష్ట్రంలో ఉద్యోగంలో చేరినప్పుడు చేతిలో రిజిస్టర్లు ఉండేవి, దిగేనాటికి ఫోను ఉంది. మధ్యలో కాగితం మారింది, ఫార్మాట్లు మారాయి, పథకాల పేర్లు మారాయి. నెలనెలా లెక్కలు పైకి పంపడం మాత్రం ఒక్క నెల కూడా తప్పలేదు. ఆ లెక్కల గురించి, ఆ లెక్కల్లోనే ఉన్నా వైకల్యం ఎవరికీ కనబడకుండా పోతున్న పసిపిల్లల గురించి ఈ లేఖ. మూడు శాఖలకూ కలిపి ఒకే లేఖ రాయడానికి కారణం ఉంది. నేను చెప్పబోయే బిడ్డ మూడు శాఖల మధ్యనే తప్పిపోతున్నాడు.

ఒక బాబు సంగతి చెబుతాను. పేరు, ఊరు రాయను. మా సెక్టార్‌లోని, అంటే నేను చూసే కేంద్రాల్లోని, ఒక కేంద్రంలో పుట్టిన నెల నుంచే వాడి పేరు నమోదై ఉంది. ప్రతి నెలా బరువు తూచారు. మొదటి నెలల్లో సాధారణం. తర్వాత తక్కువ బరువు. ఆ తర్వాత అతి తక్కువ బరువు. అతి తక్కువ బరువు పిల్లల జాబితా నా దగ్గరికి వచ్చేది, నేను సంతకం చేసి ప్రాజెక్టు ఆఫీసుకు పంపేదాన్ని. జాబితాలో ఉన్న బిడ్డకు ఏం చేయాలో నియమం ఉంది కాబట్టి అదీ చేశాం: బాలామృతం అనే పోషకాహార పొడి ఇచ్చాం, తల్లికి పోషకాహారం గురించి చెప్పాం, చెప్పినట్లు రాసుకున్నాం. ఆ తల్లి ఒకటికి రెండుసార్లు అంది, "తినడు మేడమ్, నోట్లో పెడితే పక్కలకు కారిపోతుంది" అని. పలచగా కలిపి పెట్టమ్మా అన్నాను. ఆ మాట అన్నది నేనే, ఇంకెవరూ కాదు.

వాడికి రెండున్నరేళ్లు వచ్చాక కొత్తగా వచ్చిన ఏఎన్‌ఎం (టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త) ఒకామె టీకా కార్డు చూడటానికి చేతుల్లోకి ఎత్తుకుంది. కాళ్లు రెండూ కత్తెరలా ఒకదాని మీద ఒకటి బిగుసుకున్నాయి. మెడ ఇంకా పూర్తిగా నిలవలేదు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో లేకపోవడం. మింగడానికి కావలసిన కండరాలే సరిగా పనిచేయని బిడ్డకు మేము రెండేళ్లపాటు పొట్లాలు పంచాం. అప్పటికి వాడి బరువు దాదాపు ముప్పై సార్లు మా రిజిస్టర్‌లోకి ఎక్కింది. ఆ అంకెలను ఒక వరుసలో పెట్టి, "ఇంత తిండి ఇస్తున్నా ఈ బిడ్డ ఎందుకు పెరగడం లేదు?" అని అడిగినవారు లేరు. తూచింది, రాసింది, కూడింది, పంపింది అంతా సక్రమంగానే జరిగింది. చదవడం ఒక్కటే ఎవరి పనీ కాలేదు.

అయ్యా, అమ్మా, సమాచారం లేకపోవడం మన సమస్య కాదని ఈ లేఖలో చెప్పదలచుకున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. 2021 నుంచి ఈ వివరాలు ఎక్కించే కేంద్ర యాప్ పోషణ్ ట్రాకర్ ఉంది. ఆరేళ్లలోపు పిల్లల గురించి నెలనెలా ఇంత సమాచారం పోగుచేసే వ్యవస్థ మరొకటి నేను ఎరగను. అందులో వైకల్యం ఉన్న బిడ్డను ముందుగా పట్టుకోగల ఆనవాళ్లు ఇప్పటికే ఉన్నాయి. వెతకమని ఎవరూ చెప్పలేదు, అంతే.

మొదటి కోరిక కొత్త యాప్ అక్కర్లేనిది. అతి తక్కువ బరువు జాబితాలో మూడు నెలలు వరుసగా ఉండి, అదనపు ఆహారం ఇస్తున్నా మెరుగుపడని ప్రతి బిడ్డనూ ఎదుగుదల పరీక్షకు పంపండి. మెడ నిలిచిందా, మింగుతోందా, చూపు కదుపుతోందా, చప్పుడుకు తిరుగుతోందా అని చూడండి. ఆ పిల్లలందరికీ వైకల్యం ఉంటుందని నేను అనడం లేదు. చాలామందికి తిండి లేకపోవడమో, విరేచనాలో, నులిపురుగులో కారణం కావచ్చు. కానీ సెరిబ్రల్ పాల్సీ ఉన్న పసిబిడ్డ మన రికార్డుల్లో మొట్టమొదట కనిపించేది వైకల్యం పేరుతో కాదు, బక్కచిక్కిన బిడ్డగా. ఈ ఒక్క వడపోత ఆ రోజుల్లో ఉండి ఉంటే ఆ బాబు సంగతి ఏడాది తిరగకముందే తెలిసేది.

మన ఇళ్లలో ఎదుగుదల లెక్క లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు. ఏ అమ్మమ్మా డాక్టరు దగ్గర నేర్చుకున్నది కాదిది. బిడ్డ ఎదుగుదలలో ఒక్కో మెట్టునూ పదిమందికీ పంచి మరీ గుర్తుపెట్టుకునే పద్ధతి. ఇళ్లకు వెళ్లినప్పుడు "మీ బాబు ఎన్నో నెలలో కూర్చున్నాడు?" అని అడిగితే తల్లులు తడబడేవారు, తప్పు చెబితే ఏమంటారోనని భయపడేవారు. "కుడుములు ఎప్పుడు చేశారమ్మా, సంక్రాంతికి ముందా, వెనకా?" అంటే నాయనమ్మ వంటింట్లోంచే జవాబు చెప్పేది. "ఇంకా చేయలేదమ్మా" అన్న జవాబు వచ్చినప్పుడు బిడ్డ వయసు చూసుకునేదాన్ని. ఈ ప్రశ్న నాకు ఆలస్యంగా తట్టింది, ఆ బాబు తర్వాతే తట్టింది. కార్యకర్తలకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఇటువంటి ప్రశ్నలు నేర్పండి. హిందీ నుంచో ఇంగ్లీషు నుంచో తెలుగులోకి దించిన ప్రశ్నావళి చదివితే తల్లి తల ఊపుతుంది. తల ఊపితే ఫోనులో "అవును" అని పడుతుంది.

2023 నవంబరులో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ తెచ్చింది. బిడ్డలో తేడాను ముందుగా గుర్తించాలి, కేంద్రంలో మిగతా పిల్లలతో కలుపుకోవాలి, కుటుంబానికి అండగా నిలవాలి, ఆశా, ఏఎన్‌ఎం, ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల జాతీయ కార్యక్రమం) బృందాల ద్వారా వైద్యానికి పంపాలి అని అందులో ఉంది. మనసారా స్వాగతిస్తున్నాను. నేను ఉద్యోగంలో ఉండగా ఇలాంటి పుస్తకం ఒకటి చేతికి వస్తే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. అయితే గుర్తించిన తర్వాత ఏమైందన్న దగ్గరే మన దారం తెగుతోంది.

ఆర్‌బీఎస్‌కే 2013లో మొదలైంది. పుట్టుకతో వచ్చే లోపాలు, జబ్బులు, పోషకాల లోపాలు, ఎదుగుదలలో జాప్యం, ఈ నాలుగింటినీ పట్టుకోవాలన్నది దాని పని. సంచార వైద్య బృందం అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు చూడాలి. తేడా కనిపిస్తే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. బృందం వచ్చిన రోజు కేంద్రంలో పండగలా ఉండేది, అది నిజం. పిల్లలను వరుసగా కూర్చోబెట్టి పళ్లు, కళ్లు, చెవులు చూసేవారు. చీటీ రాసిచ్చేవారు. ఆ చీటీ తల్లి చేతిలో పడ్డాక మా రిజిస్టర్‌లో "రిఫర్ చేయబడింది" అని ఒక మాట చేరేది. ఆ మాటతో మా లెక్క పూర్తయ్యేది. ఆస్పత్రి లెక్క వేరు, వచ్చినవాళ్లు అక్కడ నమోదవుతారు. చీటీ తీసుకుని రానివాళ్లు ఏ పుస్తకంలోనూ ఉండరు. బస్సు ఛార్జీ లేక ఆగిపోయిన తల్లి, వెళ్లిన రోజు థెరపిస్టు సెలవులో ఉంటే తిరిగి వచ్చిన తల్లి, కూలి పోతుందని మూడోసారి మానేసిన తల్లి, వీళ్లంతా మా నివేదికలో విజయాల కిందే లెక్క.

అందుకే నా అసలు కోరిక ఇది. ఎంతమంది పిల్లలను గుర్తించామన్న సంఖ్యకు పక్కనే ఎన్ని రోజులు పట్టిందన్న సంఖ్య పెట్టండి. నాలుగు తేదీలు చాలు: తల్లికో కార్యకర్తకో మొదట అనుమానం వచ్చిన తేదీ, చీటీ ఇచ్చిన తేదీ, డాక్టరు పరీక్షించి చెప్పిన తేదీ, మొదటి థెరపీ జరిగిన తేదీ. ఈ నాలుగూ ఒకే బిడ్డ పేరు మీద ఒకే చోట ఉంటే ఏ మండలంలో అనుమానమే ఆలస్యమవుతోందో, ఏ మండలంలో అనుమానం త్వరగా వచ్చినా దారిలో నెలలు పోతున్నాయో కనబడుతుంది. మొదటిదానికి కార్యకర్తకు శిక్షణ కావాలి. రెండోదానికి బస్సు ఛార్జీ కావాలి, థెరపిస్టు కావాలి. ఇప్పుడు రెండింటికీ ఒకటే మందు వేస్తున్నాం, సమీక్షా సమావేశం పెట్టి సూపర్‌వైజర్‌ను నిలబెట్టి అడుగుతున్నాం.

రోజుల లెక్క నేను కల్పించినది కాదు. వినికిడి విషయంలో వైద్యులు చాలాకాలంగా ఒక గడువు పాటిస్తున్నారు: నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు. మన దగ్గర రెండేళ్లు నిండినా మాట రాని బిడ్డను చూసి "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి" అని సర్దుకుంటారు. తప్పు వాళ్లది కాదు. చెవిలో చిన్న గొట్టం పెట్టి నిమిషాల్లో చేసే పరీక్ష కాన్పు జరిగిన ఆస్పత్రిలోనే జరిగిందా లేదా అన్నది వాళ్లకు చెప్పేవారు లేరు. పుట్టిన బిడ్డల్లో ఎంతమందికి ఆ పరీక్ష జరిగింది, అందులో మళ్లీ రమ్మన్నవారిలో ఎంతమంది వచ్చారు అన్న రెండు అంకెలు ప్రతి ప్రసూతి ఆస్పత్రి గోడ మీదా రాయవచ్చు.

అమెరికాలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అక్కడి సంగతి కూడా ఒక మాట. పుట్టిన నాటి నుంచి మూడేళ్లలోపు పిల్లలకు సేవలందించేందుకు అక్కడ 1986లో చట్టం తెచ్చారు. బిడ్డ గురించి కబురు అందిన నాటి నుంచి 45 రోజుల్లోగా పరీక్షలు ముగించి, కుటుంబంతో కూర్చుని ఆ బిడ్డకు ఏమేం చేయాలో ప్రణాళిక రాయాలి. ఎంతమంది విషయంలో ఆ గడువు పాటించారో ప్రతి రాష్ట్రమూ ఏటా బహిరంగంగా చెప్పాలి. సేవలు పొందిన పిల్లలు నలుగురితో కలవడంలో, కొత్తవి నేర్చుకోవడంలో, తమ అవసరాలు తీర్చుకోవడంలో ఎంత ముందుకు వచ్చారో కూడా చెప్పాలి. వాళ్లకున్న డబ్బు మనకు లేదు, నిజమే. కానీ తేదీ రాయడానికి డబ్బు అక్కర్లేదు.

మన చట్టమూ తక్కువదేమీ కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ ప్రకారం ముప్పు ఉన్నవారిని గుర్తించడానికి పిల్లలందరినీ ఏడాదికి ఒకసారైనా పరీక్షించాలి. పిల్లలందరినీ అని ఉంది. కేంద్రానికి వచ్చినవారిని అని లేదు. కేంద్రానికి రాని పిల్లలు ఎవరో మీకు తెలుసా? నాకు తెలుసు. నడవలేని బిడ్డ, చెప్పకుండా బయటికి పరుగెత్తే బిడ్డ, మూర్ఛ వచ్చే బిడ్డ. ఆయా ఒక్కతే వంట చేస్తూ ముప్పైమందిని చూసుకోలేక "ఇంట్లోనే ఉంచండమ్మా, గుడ్లు, పాలు పంపిస్తాం" అంటుంది. పేరు నమోదై ఉంటుంది, సరుకు చేరుతుంది, బిడ్డ మాత్రం గుమ్మం దాటడు. నమోదుకూ హాజరుకూ మధ్య ఉన్న తేడాను పేరుపేరునా తీసి చూడండి. వలస వెళ్లినవారిని పక్కన పెడితే మిగిలిన పేర్లలో మీరు వెతుకుతున్న పిల్లలు ఉంటారు.

ఎంతమంది ఉండవచ్చన్న అంచనా కూడా మన దగ్గర సరిగా లేదు. 2011 జనగణనలో దేశం మొత్తం మీద ఆరేళ్లలోపు పిల్లల్లో వైకల్యం ఉన్నవారు 1.24 శాతం. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం హైదరాబాదుతో సహా దేశంలోని ఐదు ప్రాంతాల్లో పిల్లలను నిపుణులతో పరీక్షించి, రెండు నుంచి ఆరేళ్లలోపువారిలో 9.2 శాతం మందిలో నాడీ సంబంధ ఎదుగుదల సమస్య ఏదో ఒకటి ఉందని తేల్చింది. చూపు, వినికిడి, మాట, మూర్ఛ, కదలిక, బుద్ధి, ఆటిజం అన్నీ అందులో ఉన్నాయి. రెండూ ఒకే కొలతతో కొలిచినవి కావు, వయసు కూడా అచ్చంగా ఒకటి కాదు, అందుకే ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అనను. కానీ ఒక సెక్టార్‌లో ఆ వయసు పిల్లలు 750 మంది ఉన్నారనుకుంటే జనగణన లెక్కన తొమ్మిదిమంది, పరీక్షించి చూసిన లెక్కన దాదాపు 69 మంది. నా సెక్టార్ నివేదికలో ఉన్న పేర్లు ఒక చేతి వేళ్లకు సరిపోయేవి. మిగతావాళ్లు ఎక్కడున్నారని నన్ను ఎవరూ అడగలేదు. నాలుగు పేర్లు పంపితే నాలుగేనా అనేవారు లేరు. ఒకసారి ఎక్కువ పేర్లు పంపితే మాత్రం "మీ సెక్టార్‌లోనే ఇంతమంది ఎందుకున్నారు?" అని ఫోను వచ్చింది. తర్వాతి నెల నేను తగ్గించలేదు గానీ, తగ్గించిన సూపర్‌వైజర్లు నాకు తెలుసు. వాళ్లను తప్పుపట్టను. సంఖ్య పెరిగితే మందలించే చోట సంఖ్య పెరగదు. వైకల్యం గుర్తింపులో సంఖ్య పెరగడం కార్యకర్త పనితనానికి గుర్తు. అతి తక్కువ పేర్లు వచ్చిన చోటికి ముందుగా బృందాన్ని పంపండి.

ఇంకో చిక్కు చెప్పాలి, పైవారికి ఇది తెలియకపోవచ్చు. నాలుగేళ్ల బిడ్డ నిలబడలేడు. కీళ్లు బిగుసుకుపోయి ఉంటే పడుకోబెట్టినా నిటారుగా చాచలేం. ఎత్తు గడి నింపనిదే ఫోను ముందుకు కదలదు. కార్యకర్త ఏం చేస్తుంది? పక్క బిడ్డను చూసి ఒక అంకె వేస్తుంది. ఆ అంకెను బట్టి ఆ బిడ్డ గిడసబారాడా లేదా అని కంప్యూటర్ తేలుస్తుంది. "కొలవడం సాధ్యం కాదు" అని రాసుకునే వీలు ప్రతి ఫారంలోనూ ఉండాలి. ఆ మాట పడిన ప్రతి చోటా పరీక్ష అవసరమని గంట మోగాలి. అబద్ధపు అంకె కన్నా ఆ ఖాళీ ఎక్కువ చెబుతుంది.

పర్సంటేజీ గొడవ మరొకటి. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం శిబిరంలో 40 శాతం తేలితేనే పింఛను అన్న లెక్క ఊళ్లో అందరికీ తెలుసు. దానివల్ల సర్టిఫికెట్ లేనిదే బిడ్డకు ఏమీ రాదన్న నమ్మకం పాతుకుపోయింది. ఏడాదిన్నర బిడ్డకు శాతం కట్టడం డాక్టర్లకే కష్టం. ఆ వయసులో ఫిజియోథెరపీ మొదలుపెట్టడానికి ఏ శాతమూ అక్కర్లేదు. మీ లెక్కల్లో సర్టిఫికెట్ ఉన్న పిల్లలనే చూపితే అత్యవసరంగా చూడవలసిన పిల్లలు కనబడరు. అనుమానం ఉన్న బిడ్డ అని వేరే వరుస పెట్టండి. ఆ వరుసలో నుంచి తర్వాత "పరవాలేదు, అందుకున్నాడు" అని పేరు కొట్టేయవలసి వస్తే అంతకన్నా సంతోషం ఏముంటుంది.

ఒకే బిడ్డకు మన ప్రభుత్వాలు నాలుగు నంబర్లు ఇస్తున్నాయి. తల్లి గర్భవతిగా నమోదైనప్పుడు ఆరోగ్య శాఖ ఇచ్చే ఆర్‌సీహెచ్ నంబరు, అంగన్‌వాడీలో పోషణ్ ట్రాకర్ నమోదు, వైకల్య ధ్రువీకరణకు యూడీఐడీ, బడిలో చేరాక యూడైస్ అనే బడుల రికార్డులో శాశ్వత సంఖ్య. ఈ నాలుగూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం నేను చూడలేదు. కాబట్టి ఆ పని తల్లి చేస్తోంది. కాన్పు ఎలా జరిగింది, వెంటనే ఏడ్చాడా, పచ్చకామెర్లు వచ్చాయా, ఎన్ని రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు, ఇదంతా ప్రతి గుమ్మం దగ్గరా మొదటి నుంచి చెప్పుకొస్తోంది. ఒక తల్లి నాతో అంది, "చెప్పీ చెప్పీ నా బిడ్డ కథ నాకే వేరేవాళ్ల కథలా అనిపిస్తోంది మేడమ్." ఆమె చదువుకోలేదు. ప్లాస్టిక్ సంచిలో కాగితాలన్నీ తేదీల వరుసలో పెట్టుకునేది. ఆ సంచి మన మూడు శాఖల కంప్యూటర్లకన్నా పొందికగా ఉండేది.

బిడ్డకు ఆరేళ్లు వచ్చిన రోజు ఈ దారం తెగిన చోట్లన్నీ ఒక్కసారిగా కనబడతాయి. అంగన్‌వాడీ పేరు తీసేస్తుంది. బడి తన పుస్తకంలో కొత్తగా రాసుకుంటుంది. చాలా మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, వాళ్లకు చదువు చెప్పే సహిత విద్య ఉపాధ్యాయులు ఉంటారు, చాలామంది ప్రాణం పెట్టి పనిచేస్తారు. కానీ రాబోయే జూన్‌లో తమ మండలంలోని ఏ బళ్లోకి ఎలాంటి పిల్లలు వస్తున్నారో వాళ్లకు ముందుగా చెప్పేవారు లేరు. ఆ జాబితా డిసెంబరులోనే అంగన్‌వాడీలో తయారుగా ఉంటుంది. ఆరు నెలల ముందు చేతికి అందితే ర్యాంపు కట్టించవచ్చు, వీల్‌చెయిర్ కొలతలు తీయించవచ్చు, టీచరు ఒకసారి ఇంటికి వెళ్లి బిడ్డతో పరిచయం చేసుకోవచ్చు. ప్రతి డిసెంబరులో ఆ జాబితా మండల విద్యాధికారికి చేరాలని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి.

జాబితా అనగానే నాకు భయం కూడా ఉంది, అది దాచను. "మా చిన్నదాని సంగతి రాయొద్దమ్మా, పెద్దదానికి సంబంధాలు చూస్తున్నాం" అని చేతులు పట్టుకున్న తల్లులున్నారు. వాళ్లకు సిగ్గు లేదా ప్రేమ లేదా అని అడగకూడదు, ఊరు ఎలా మాట్లాడుతుందో వాళ్లకు మనకన్నా ఎక్కువ తెలుసు. పిల్లల ఫొటోలు, పేర్లు, జబ్బుల పేర్లతో సహా వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం నేను కళ్లారా చూశాను. పంపినవారికి చెడు ఉద్దేశం లేదు, పని జరిగిందని చూపడానికి పంపారు. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి గురించి నిబంధన ఉంది. చట్టం సంగతి అటుంచినా, ఏ వివరం ఎందుకు రాస్తున్నామో, ఎవరు చూస్తారో తల్లికి తెలుగులో చెప్పి, ఆమె సరే అన్నాకే రాయాలి. బిడ్డ రికార్డు ఒక ప్రతి ఆమె దగ్గర ఉండాలి. జిల్లా స్థాయిలో సంఖ్యలు చాలు, పేర్లు అక్కర్లేదు. పేరు తెలియవలసింది ఆ బిడ్డకు ఏదో ఒకటి చేయబోయే మనిషికి మాత్రమే.

చివరగా కార్యకర్తల మాట. కొత్త గడులు కోరుతున్నాననుకుని వాళ్లు నొచ్చుకుంటారేమో. ఒకే సమాచారాన్ని రాష్ట్ర యాప్‌లో, కేంద్ర యాప్‌లో, పైగా పుస్తకంలో ఎక్కించిన రోజులు వాళ్లవి. సిగ్నలు కోసం మిద్దె ఎక్కి నిలబడినవాళ్లను నేను చూశాను. నాలుగు తేదీలు చేర్చాలంటే ముందు నాలుగు పాత గడులు తీసేయండి. ఎవరూ చదవని గడులు ఏవో మీ ఆఫీసులోనే తెలుస్తుంది. సమాచారం పైకి వెళ్లడమే గానీ కిందికి రావడం నా ఉద్యోగ జీవితంలో చూడలేదు. "మీరు పంపిన ఫలానా బిడ్డకు థెరపీ మొదలైంది, వచ్చే నెల పదో తారీఖున మళ్లీ పంపండి" అని ఒక సందేశం కార్యకర్త ఫోనుకు వస్తే ఆమె ఆ తల్లిని తలుపు తట్టి మరీ బస్సెక్కిస్తుంది. నేను హామీ ఇస్తున్నాను, వాళ్లతో పనిచేసినదాన్ని.

ఆ బాబుకు ఇచ్చిన మొదటి చీటీ జిరాక్సు నా దగ్గర ఇంకా ఉంది. అడుగున "తిరుగు సమాచారం" అని ఒక పెట్టె అచ్చువేసి ఉంటుంది, ఆస్పత్రివారు నింపి వెనక్కి పంపాలని. అది ఖాళీగానే ఉంది.

ఈ లేఖకు వివరంగా జవాబు రాయమని అడగను. మీ మీ రాష్ట్రాల్లో ప్రతి జిల్లాకూ ఒక్క సంఖ్య ప్రకటించండి: గత ఏడాది అనుమానం నమోదైన పిల్లల్లో సగంమందికి మొదటి థెరపీ అందడానికి ఎన్ని రోజులు పట్టింది? ఇప్పటికిప్పుడు చెప్పలేకపోతే, చెప్పగలిగే తేదీని ప్రకటించండి. ఎదురుచూస్తాను.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక అంగన్‌వాడీ సూపర్‌వైజర్